ధ్యాన్ చందు నేర్పిన బలము

హాకీ యాటకు బాలుర నెన్నుకొనునపుడు ముందుగా వారి యెత్తును, తూకమును చూచి, చిన్నదేహము గలవారిని వెనుకకు పంపివేయు నలవాటు మన దేశమున పెక్కుచోట్ల గలదు. నేటి హాకీ వృత్తిక్రీడగా మాఱినది. వేలముపాటలలో ఆటగాండ్రను కొనుచున్నారు. కొలది వారములలో పెక్కు పందెములాడవలసి వచ్చుచున్నది. ఎదుట నిలుచు డచ్చివారును, జర్మనులును, బెల్జియనులును, ఆస్ట్రేలియనులును బలిష్ఠులు. కావున పొట్టివారికిని, బక్కపలుచనివారికిని ఇందు తావు లేదని యెన్నుకొనువారు సమాధానము చెప్పుచుందురు. ఈ సమాధానము సరియైనదా యని విచారించుట యవసరము. ఇది కొందఱు బాలుర భవిష్యత్తును మాత్రమే తేల్చు ప్రశ్న కాదు. ఒక జాతి తన శరీరమును గుఱించి తానేమి తలంచుచున్నదో దానిని గూడ తేల్చునట్టిది. ఇట్టి విచారణకు మేజరు ధ్యాన్ చందు జీవితముకంటె తగిన యాధారము వేఱొకటి మాకు కనబడుట లేదు.

బలమనగానే మన తెలుగువారికి జ్ఞప్తికి వచ్చునది కోడి రామమూర్తినాయుడుగారి భీమకాయము. వీరఘట్టమున జన్మించి, కదలు మోటారుబండ్లను నిలిపి, ఱొమ్ముపై నేనుగు నెక్కించుకొని, దేశదేశములవారిని విస్మితుల గావించిన యా మహామల్లుని యెడల మాకుగల గౌరవము తక్కువైనది కాదు. కాని బలమెల్ల నట్టి దేహములందే నివసించునని తలంచుట భ్రమ. మన పల్లెలలో చెడుగుడు చూచినవారికీ సంగతి తెలియును. కూత పెట్టి యవతలి పాళెములోనికి పోయి, పదిచేతుల నడుమనుండి జాఱి గీతను ముట్టి వచ్చువాడు తఱచుగా భారీమనిషి కాడు. సన్ననివాడు, కాలు చుఱుకైనవాడు, ఎదుటివాని యడుగును ముందుగా గనిపెట్టువాడు. హాకీ మల్లయుద్ధము వంటిది కాదు. మల్లయుద్ధమున దేహము దేహమును పట్టవలెను. హాకీలో దేహముతో తోయుటయు, కఱ్ఱతో కొట్టుటయు తప్పు. అందు గెలువవలసినది బంతిని. ఈ భేదమును మనసున నుంచుకొని ధ్యాన్ చందు చరిత్రను పరికింతము.

ఆయన 1905వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన ప్రయాగలో జన్మించెను. తండ్రి సోమేశ్వరదత్త సింహుడు సైన్యమున కొలువు చేయుచు, అచట హాకీ యాడుచుండెను. సైనికుని కుటుంబము పటాలము వెంట నూరూరు తిరుగక తప్పదు. అందుచే బాలుని చదువు ఆఱేండ్లతోనే ముగిసినది. తుద కాకుటుంబము ఝాన్సీలో స్థిరపడెను. బాల్యమున నాతనికి కుస్తీ యందు మక్కువ యుండెను గాని హాకీ యందు చెప్పుకొనదగిన యాసక్తి లేకుండెను. లోకమున కద్వితీయుడైన యీ హాకీ యాటగాడు పసినాట కఱ్ఱపట్టి ఆరితేఱినవాడు కాడను సంగతి యెన్నికసంఘములవారు గమనింపవలసియున్నది. పదిపండ్రెండేండ్ల వయసున నాతనిని చూచి యెవ్వరైనను తీర్పు చెప్పియుండినచో, ఆ తీర్పు తప్పై యుండెడిది.

1922వ సంవత్సరమున, తన జన్మదినముననే, ఆయన ఢిల్లీలో నొకటవ బ్రాహ్మణ పటాలమున సామాన్యసిపాయిగా చేరెను. అచట సుబేదారు మేజరు బాలే తివారీ యను నాతడు హాకీ యందు మిక్కిలి ప్రీతి గలవాడు. ఈ బక్కసిపాయి చేతికి కఱ్ఱ నిచ్చి, తొలిపాఠములు నేర్పినవా డాతడే. పగలెల్ల కవాతును, పహరాయును ఉండెడివి. దీపములు లేని యా మైదానమున, కొలువు ముగిసిన పిమ్మట వెన్నెల వచ్చువఱకు వేచియుండి సాధన చేయుటచేతనే ధ్యానసింహుడు ధ్యాన్ చందు ఆయెనని తోడివారు చెప్పుకొనెడివారు. ఈ కథయం దెంత యలంకారమున్నను అందలి సారము సత్యము. ఆ చేతినేర్పు పుట్టుకతో వచ్చిన మాయ కాదు. ప్రతిదినము అలసిన దేహముతో, ఒంటరిగా, ఒకే పనిని వేలసారులు చేయగా నబ్బినది.

ఆయన యెత్తు సుమారు 5 అడుగుల 7 అంగుళములు. దేహము సన్ననిది. మన దేశమున నిది పొట్టితన మనిపించుకొనదు గాని, గోలు ముందర కోటగోడలవలె నిలుచు పాశ్చాత్య రక్షకుల నడుమ చూచినచో నాతడు చిన్నవాడే. పైగా నాతడాడినది సెంటరు ఫార్వర్డు స్థానము. రక్షకులెల్లరు మొట్టమొదట చుట్టుముట్టునది యా స్థానమువానినే. ఆ దినములలో హాకీ పందెము అఱగంటకు పైబడిన రెండు భాగములుగా, భాగమునకు 35 నిమిషముల చొప్పున జరుగుచుండెను. గాయపడినవానికి బదులు మఱొకనిని దించు వీలు లేకుండెను. దెబ్బ తగిలినను నిలిచి యాడవలెను. లేదా జట్టును పదిమందితో వదలి పోవలెను. కావున నాటి యాట మెత్తనిదనియు, నేటి యాటకు మాత్రమే గట్టిదేహము కావలెననియు తలంచుట సరికాదు.

1926వ సంవత్సరమున భారతసైన్యపు జట్టొకటి న్యూజీలండునకు వెడలినది. ధ్యాన్ చందు అందొకడు. విదేశీయులతో, వేఱు నేలపై, చలిగాలిలో నాడుట యాతని కదియే మొదటిసారి. ఆ జట్టు 21 పందెములాడి 18 గెలిచినది; రెండు సమానముగా ముగిసినవి; ఒకటి మాత్రమే యోడినది. తిరిగివచ్చిన సిపాయికి లభించిన బహుమానము లాన్సునాయకు పదవి. ఆ పదవి చిన్నదే. కాని సముద్రమవతల పెరిగిన దృఢకాయుల నెదుర్కొని నిలువగలమను ధైర్యము జట్టునకు కలిగినది. ఈ ధైర్యమే రెండేండ్లకు ఫలించినది.

1928లో ఆమ్‌స్టర్‌డాము ఒలింపిక్ క్రీడలకు భారతజట్టు బయలుదేఱినది. బొంబాయి రేవున వారిని సాగనంప వచ్చినవారు ముగ్గురే. జట్టున కానాడు దేశమున నంతకంటె పేరు లేదు. ఆస్ట్రియాపై 6, బెల్జియముపై 9, డెన్మార్కుపై 5, స్విట్జర్లండుపై 6 గోలులు చేసి మనవారు తుదిపందెమునకు వచ్చిరి. ఆ దినమున ముఖ్యులగు ఆటగాండ్రు కొందఱస్వస్థులై పడియుండిరి. ధ్యాన్ చందునకును ఒంటిలో బాగులేదు. అయినను, హాలండువారిని వారి స్వదేశముననే 3 గోలులతో నోడించి, భారతజట్టు స్వర్ణపతకమును గైకొన్నది. అయిదు పందెములలో మనవారు చేసినవి 29 గోలులు; మనపై నైనది ఒక్కటియు లేదు. ఆ 29లో 14 ధ్యాన్ చందువి. ముగ్గురు సాగనంపిన జట్టును తిరిగి వచ్చినపుడు వేలాదిజనులెదుర్కొనిరి.

ఇచట నొక సంగతి విచారింపవలెను. అస్వస్థుడైన సన్నని సిపాయి, తనకంటె బరువైన రక్షకులను 70 నిమిషము లెట్లు తట్టుకొనెను? ఆయన యాటను చూచినవారు చెప్పినదాని సారాంశమిది. బంతిని తనయొద్ద నవసరమునకు మించి నిలుపుకొనుట ఆయన యలవాటు కాదు. రక్షకుడు తాకిడికి కదలుసరికి బంతి మఱొకని కఱ్ఱయొద్ద నుండెడిది. లేదా వానికి అందనంత దూరమున కొక జానెడు పక్కకు జరిగియుండెడిది. బరువైన దేహము ఒకసారి వేగముగా కదలిన పిమ్మట మరలుటకు కొంత కాలము పట్టును. ఆ స్వల్పకాలమే ధ్యాన్ చందునకు చాలినంత యెడము. దెబ్బను భరించు దేహము నాతడు పెంచుకొనలేదు. దెబ్బ వచ్చు స్థలమున తానుండకుండుట నేర్చుకొనెను. మైదానమెల్ల చదరంగపు పలకవలె నాతని కన్నుల ముందుండెడిది. ఎవ్వడెచట నున్నాడో చూడకయే యెఱుగుట యాతని గొప్ప. ఇది కంటికిని, బుద్ధికిని సంబంధించిన బలము. దీనిని త్రాసులో తూచుట సాధ్యము కాదు.

1932లో లాస్ ఏంజిలిస్ క్రీడలయందు మనవారు జపానును 11–1 గాను, అమెరికాను 24–1 గాను ఓడించిరి. అమెరికాతో జరిగిన పందెమున ధ్యాన్ చందు తమ్ముడు రూపసింహుడు 10 గోలులును, ధ్యాన్ చందు 8 గోలులును చేసిరి. అక్కడ పోటీ స్వల్పమే. కాని యా ప్రయాణమంతయు గణించినచో వేఱొక సంగతి తెలియును. దారిపొడుగునను, తిరుగుదారిని గూడ కలిపి యా జట్టు 37 పందెములాడినది, 34 గెలిచినది, 338 గోలులు చేసినది, అందు 133 ధ్యాన్ చందువి. ఓడలలోను, రైళ్లలోను నెలల తరబడి తిరుగుచు, దిగిన చోటనెల్ల ఆడుట యనగా నేటి వృత్తిక్రీడాకారుని శ్రమకు తీసిపోవునది కాదు. 1935లో న్యూజీలండు, ఆస్ట్రేలియా దేశములకు ఆయన నాయకత్వమున వెడలిన జట్టు 48 పందెములాడెను. అందాయన చేసిన గోలులు 201. చిన్నదేహము ఒకనాటి మెఱుపునకే గాని, దీర్ఘకాలపు రాపిడికి చాలదను వాదమునకు ఈ యంకెలే జవాబు.

అయినను ఆయన జీవితమున కంతకును ఒరగల్లు వంటిది 1936వ సంవత్సరపు బెర్లిను పందెము. ఆయన అప్పుడు జట్టునకు నాయకుడు. క్రీడలకు ముందు, జూలై 17వ తేదీన జర్మనులతో జరిగిన అభ్యాసపందెమున భారతజట్టు 4–1 తో నోడిపోయినది. జర్మనులు ఎనిమిదేండ్లలో ఎంత యెదిగిరో ఆ దినమున బయటపడెను. ఆ పరాజయమును తా నెన్నటికిని మఱువలేదని ఆయన తన ఆత్మకథలో వ్రాసికొనెను. మనవా రప్పుడు చేసిన పని గమనింపదగినది. జర్మనులు బలిష్ఠులు, మనము వారికి చాలమని కూర్చుండలేదు. ముందువరుసలో లోపమెచట నున్నదో చూచుకొని, స్వదేశమునుండి అలీ దారాను పిలిపించుకొనిరి. ఆయన వచ్చి అర్ధాంత్యపందెమునాటికి జట్టును కలిసికొనెను. హంగరీపై 4, అమెరికాపై 7, జపానుపై 9, ఫ్రాన్సుపై 10 గోలులతో మనవారు తుదిపందెమునకు చేరిరి. ఎదుట నున్నది మరల జర్మనీయే.

తుదిపందెము ఆగస్టు 14న జరుగవలసియుండెను. వానచే నది 15వ తేదీకి వాయిదా పడినది. ఆ యుదయమున మన యాటగాండ్ర మనస్సులలో జూలై నాటి యోటమి మెదలుచుండెను. అప్పుడు జట్టు నిర్వాహకులలో నొకరగు పంకజ్ గుప్తా కాంగ్రెసు త్రివర్ణపతాకమును బయటికి తీసెను. బ్రిటిషు సామ్రాజ్యపు జెండా క్రింద ఆడవచ్చిన యా యువకులు, బట్టలు మార్చుకొను గదిలో మన పతాకమునకు నమస్కరించి, ప్రార్థించి, మైదానమునకు నడచిరి. పదునొకండేండ్ల పిమ్మట నదే తేదీన దేశము స్వతంత్రమగునని వారిలో నెవ్వరికి తెలియును?

నేల తడిసియుండెను. తొలిభాగమున మనవారు చేసినది ఒక్క గోలే. జర్మనులు వెనుదీయలేదు. విరామానంతరము ధ్యాన్ చందు తన ముళ్లజోళ్లను, మేజోళ్లను విప్పివైచి, ఉత్తకాళ్లతో రబ్బరు అడుగుజోళ్లు తొడిగి బరిలోనికి దిగెను. బరువు తగ్గించుకొని వేగము పెంచుకొనుట యాతని యెత్తుగడ. అంతట మన గోలులు వరుసగా పడసాగెను. జర్మనులు బంతిని పైకెత్తి కొట్టుచు మనవారి కూర్పును చెదరగొట్టజూచిరి. మనవారు గాలిలో వచ్చు బంతినే యందుకొని కొట్టి, దానికి బదులు చెప్పిరి. ఆట మోటుదేఱెను. జర్మను గోలురక్షకుడు ఢీకొనుటచే ధ్యాన్ చందు పన్ను ఊడిపోయెను.

పెద్దదేహము చిన్నదేహమును ఢీకొన్నపుడేమి యగునను ప్రశ్నకు మైదానముననే ఉత్తరము దొరకిన క్షణమిది. దెబ్బ తగులదని మేము చెప్పుట లేదు. తగిలినది, రక్తము కాఱినది. ఆయన చికిత్స చేయించుకొని తిరిగి వచ్చెను. వచ్చి, తన వారితో దెబ్బకు దెబ్బ తీయుమనలేదు. బంతిని స్వాధీనమున నుంచుకొనుటలో ఎదుటివారికొక పాఠము చెప్పుడని యాదేశించెనని తోడివారు చెప్పిరి. మనవారు పలుమాఱు బంతిని జర్మనుల గోలు ముందరి వలయము దాక తీసికొనిపోయి, గోలు కొట్టక మరల వెనుకకు తెచ్చుచుండిరి. బరువైన రక్షకులు బంతివెంట పరుగెత్తి పరుగెత్తి యలసిరి. ఆ పందెము 8–1 తో ముగిసెను. బెర్లినులో మనవారు చేసినవి మొత్తము 38 గోలులు. మనపై పడినది ఆ యొక్కటియే. మోటుతనమునకు మోటుతనముతో బదులు చెప్పియుండినచో తూకము గలవారే గెలిచియుందురు. ధ్యాన్ చందు పోటీని తూకమునుండి తప్పించి, నేర్పులోనికి మార్చెను. చిన్నదేహము గల యాటగానికి ఆయన వదలిపోయిన విద్య యిదియే.

ఆ పిమ్మట ప్రపంచయుద్ధము వచ్చి 1940, 1944 క్రీడలను మ్రింగివైచినది. ఆయన వయస్సులోని మేలైన యేండ్లు కవాతుమైదానములందే గడచినవి. ఆయనను గుఱించిన కట్టుకథలు మాత్రము పెరుగుచు వచ్చినవి. కఱ్ఱలో అయస్కాంతమున్నదని విఱిచి చూచిరనియు, నియంత పిలిచి పదవి యిచ్చెదననెననియు చెప్పుకొందురు. వీనియం దెంత నిజమున్నదో మాకు పట్టింపు లేదు. లెక్కకు వచ్చిన పందెములే చాలును. 1947–48లో, 42 ఏండ్ల ప్రాయమున, తూర్పు ఆఫ్రికాకు వెడలిన జట్టున ఆడి, 22 పందెములలో 61 గోలులు చేసెను. ఆ ప్రయాణముననే యొకసారి కె.డి. సింగ్ బాబునకు బంతి నందించి, అది గోలగునో లేదో చూడకయే వెనుదిరిగి నడచెననియు, అట్టి యందింపునుండి గోలు చేయలేనివాడు జట్టున నుండదగడని పిదప చెప్పెననియు తోటివారు జ్ఞాపకము చేసికొనెడివారు. నలువది దాటిన కాళ్లకు వేగము తగ్గియుండవచ్చును. చూపునకు మాత్రము తగ్గలేదు.

ఆయన 1956లో మేజరుగా సైన్యమునుండి విరమించెను. ఆ సంవత్సరముననే పద్మభూషణము లభించినది. పటియాలా జాతీయ క్రీడాసంస్థలో శిక్షకుడుగా కొంతకాలము పనిచేసెను. చివరి దినములు ఝాన్సీలో, ధనమునకు ఇబ్బంది పడుచు గడచినవి. కుమారుడు అశోక్ కుమార్ 1975లో కౌలాలంపూరున పాకిస్తానుపై విజయపు గోలు కొట్టి, ప్రపంచకప్పును దేశమునకు తెచ్చుట చూచు భాగ్యము మాత్రము కలిగినది. 1979 డిసెంబరు 3వ తేదీన, ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థలో, సామాన్యరోగుల వార్డులో, కాలేయపు క్యాన్సరుతో ఆయన కన్నుమూసెను. ఝాన్సీలో తానాడిన మైదానముననే దహనసంస్కారము జరిగెను. జర్మనుల తాకిడిని తట్టుకొన్న యా దేహము స్వజనుల యుపేక్షను తట్టుకొనవలసివచ్చుట మనకు తలవంపు. పిదప ఢిల్లీ క్రీడామైదానమునకును, 2021లో దేశపు అత్యున్నత క్రీడాపురస్కారమునకును ఆయన పేరు పెట్టిరి. ఆయన జన్మదినము జాతీయక్రీడాదినమైనది. ఇది యుచితమే, కాని యాలస్యముగా జరిగిన యౌచిత్యము.

ఇక నేటి మాటకు వత్తము. 1976లో మాంట్రియాలు ఒలింపిక్ క్రీడలు మొదలుకొని హాకీ గడ్డినుండి కృత్రిమతలమునకు మాఱినది. బంతి వేగము పెరిగినది. ఆగక పరుగెత్తు జట్టునకే జయము. ఆటగాండ్రను మాటిమాటికి మార్చుకొను వీలు వచ్చుటచే, ప్రతివాడును బరిలో నున్నంతసేపు పూర్తివేగముతో నాడుచున్నాడు. మూల దెబ్బలలో బంతి గంటకు నూఱు కిలోమీటర్లకు మించిన వేగముతో వచ్చుచున్నది. మాంట్రియాలున మనజట్టు ఏడవస్థానమునకు దిగజాఱినది. మన దేహములు చాలవను మాట అప్పటినుండి గట్టిగా వినబడుచున్నది. మా యభిప్రాయమున కారణము వేఱు. పాశ్చాత్యుల బాలురు క్రొత్తతలముపై నేర్చుచుండగా, మన బాలురు చాలకాలము మట్టిపైనను, గడ్డిపైనను నేర్చి, పెద్దపందెమునాడు మాత్రమే క్రొత్తతలముపై కాలు మోపిరి. ఇది మైదానపు లోపము. ఎముకల లోపము కాదు. 2021లో టోక్యో క్రీడలయందు మనవా రదే జర్మనీని 5–4 తో నోడించి కాంస్యపతకమును తెచ్చిరి. 2024లో పారిసున మరల కాంస్యము తెచ్చిరి. నడుమ మాఱినది జాతి యెత్తు కాదు; మైదానములు, తిండి, తర్ఫీదు.

అట్లని దేహమునకు విలువయే లేదని చెప్పుట ఆత్మవంచన. నేటి వృత్తిక్రీడలో చిన్నవాడు నిలువవలెనన్నచో, పెద్దవానికంటె బలమైన పిక్కలును, గట్టి నడుమును, తఱుగని యూపిరియు నాతనికి కావలెను. ధ్యాన్ చందు సన్ననివాడే గాని దుర్బలుడు కాడు. సిపాయి కవాతు ఆయన దేహమును ఉక్కుతీగ వలె చేసినది. కురచదనము దోషము కాదు, పోషణలేమి దోషము. ఈ రెంటికిని గల భేదమును మన యెన్నికసంఘములు తెలిసికొనకున్నవి. హర్యానాలోని షాహాబాదున బండిలాగు నొక పేదవాని కుమార్తె రాణీ రాంపాల్ తొలుత శిక్షకునియొద్దకు పోగా, తిండి చాలని దేహమని చేర్చుకొనలేదు. శిక్షణకు తెచ్చుకొనవలసిన పాలు కొనుటకు డబ్బు చాలక, నీళ్లు కలిపి తీసికొనిపోయినట్లామెయే చెప్పినది. పట్టువిడువని యా బాలికయే టోక్యోలో భారతమహిళాజట్టునకు నాయకురాలై, నాలుగవ స్థానమునకు నడిపించినది. తిప్పిపంపినప్పుడే యామె యూరకుండినచో దేశమెంత కోల్పోయెడిది! అట్లు ఊరకుండిన బాలబాలికలెందఱో!

తెలుగుదేశము హాకీకి పరాయి కాదు. హైదరాబాదు యువకుడు ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 సంవత్సరములలో మూడు ఒలింపిక్ క్రీడలయందాడెను. అయినను మన జిల్లాలలో హాకీ మైదానము గల పాఠశాలల నెన్నుటకు చేతివ్రేళ్లు చాలునేమో! ఉన్నచోటను బాలుని వయసు నిండకముందే కొలబద్ద తెచ్చి, వాని విధి వ్రాసివేయుచున్నారు.

కావున మేము కోరునవి నాలుగు. మొదటిది: ఎదిగే వయసు ముగియకముందు ఎత్తును బట్టియు, తూకమును బట్టియు ఏ బాలుని గాని బాలికను గాని త్రోసిపుచ్చరాదు. బంతి వచ్చుటకు ముందే వాని కన్ను ఎక్కడ చూచుచున్నదో గమనింపుడు. రెండవది: ఎన్నుకొన్నవారికి పాలు, గ్రుడ్లు, పప్పు దినదినము అందవలెను. ఆఁకటితో నున్న బాలుని పరుగెత్తించి, బలహీనుడని పేరు పెట్టుట న్యాయము కాదు. మూడవది: అంపైర్లు తోపును, కఱ్ఱదెబ్బను నిర్దాక్షిణ్యముగా శిక్షింపవలెను. నియమము కాపాడబడినంతవఱకు హాకీ నేర్పరుల యాట. నియమము సడలినచో అది బరువుగలవారి యాట. నాలుగవది: వృత్తిక్రీడ దేహమును ఖర్చుపెట్టించు వ్యాపారము. ఆ ఖర్చున లాభించు సంఘములు, జట్ల యజమానులు, ఆటగాని గాయములకును, విరమణానంతర జీవితమునకును బాధ్యత వహింపవలెను. ధ్యాన్ చందు తుదిదినములు మరల నే యాటగానికిని రాకూడదు.

గ్రామములలో భూవసతి గల పెద్దలకు మా విన్నప మొకటి. దేవాలయమునకును, సత్రమునకును మాన్యములిచ్చిన వంశములు మన తెలుగుదేశమున పెక్కు గలవు. పాఠశాల పక్కన నొక రెండెకరముల నేలను చదును చేయించి పిల్లల కిచ్చినచో, అదియు నట్టి మాన్యమే యగును. పట్టణముల వర్తకులు పది కఱ్ఱలును, బంతులును కొని యీయగలరు. మాజీ సైనికులు ప్రతి తాలూకాలో నున్నారు. వారిలో హాకీ యాడినవారు కొందఱైన నుందురు. బాలే తివారీ యను నొక సుబేదారు మేజరు, హాకీ యెఱుగని యొక బక్కసిపాయి చేతికి కఱ్ఱ నిచ్చుటచే జరిగిన మేలు లోకమెఱుగును. అట్టి పని చేయగల వారు మన యూళ్లలోను ఉన్నారు. వారిని పిలిచి యా పని నప్పగించుటయే మిగిలియున్నది. ఆగస్టు 29వ తేదీన పూలమాలలతో సరిపెట్టక, ఈ యేటనైన నీ పనికి పూనుకొందురని యాశించుచున్నాము.